కాగితపు అడవిలో ఏ జీవి చోటు ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. బడిలో వర్షారణ్యం నమూనా చేసి తెమ్మంటే, బజారులో దొరికే జంతువుల చార్టు కొని, బొమ్మలు కత్తిరించి ఆకుపచ్చ అట్ట మీద అంటించాము. చూడడానికి బాగానే ఉంది కాని, ఆ అడవి గురించి తనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. కాగితపు పనులతో ఇవి నిజంగా నేర్పవచ్చా?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా నేర్పవచ్చును. బొమ్మల సంఖ్య బాగా తగ్గించి, ఏ జీవి ఎక్కడ, దేని ఆధారంతో బతుకుతుందో పాప చేతులతోనే చేయించండి. అమెజాన్ దాకా వెళ్లనక్కరలేదు. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ ఉంది. జలవిద్యుత్ ప్రాజెక్టు వల్ల కొంత భాగం మునిగిపోవలసిన ఆ అడవి, ప్రజలు గట్టిగా వ్యతిరేకించడంతో దక్కి, 1984లో జాతీయ ఉద్యానవనమైంది.

చెప్పుల అట్టపెట్టెను నిలువుగా నిలబెట్టి, లోపల పొడవాటి కాగితపు చెట్లను నిలిపితే, పై కొమ్మలు, నడిమి పొదలు, చీకటి నేల వేర్వేరుగా కనిపిస్తాయి. నల్లని ఒళ్లు, ముఖం చుట్టూ వెండి రంగు జూలు ఉన్న సింహపు తోక కోతిని పాప నేల మీద అంటించబోతే ఆపండి. అది ఎక్కువ కాలం చెట్ల పైకొమ్మల్లోనే గడుపుతుందని, కొమ్మకూ కొమ్మకూ సందు తెగితే దాని దారి తెగినట్టేనని చెప్పడానికి అదే తగిన సమయం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టదగినది గ్రేట్ హార్న్‌బిల్ పక్షి గూడు. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో చేరి, రెట్టతోనూ పండ్ల పిప్పితోనూ ద్వారాన్ని మూసుకుని, సన్నని చీలిక మాత్రమే ఉంచుకుంటుంది. గుడ్లు పొదిగే కాలమంతా మగపక్షి ఆ చీలికగుండానే మర్రి, జువ్వి వంటి పండ్లు అందిస్తుంది. పాత పెళ్లి శుభలేఖను గొట్టంలా చుట్టి, నిలువుగా చిన్న చీలిక కోసి, లోపల కాగితపు ఆడపక్షిని ఉంచండి. చీపురు పుల్లకు మగపక్షిని అంటించి, ఎర్ర కాగితపు ఉండను ముక్కుతో చీలికలోకి అందించే పని పాపకే వదిలేయండి. ముక్కును తెల్ల కాగితంతో చేయించి, నూనెలో కలిపిన పసుపు రుద్దించండి. ఎందుకంటే ఆ పక్షి ముక్కుకు పసుపు రంగు వచ్చేది, తోక మొదట్లోని గ్రంథి నుంచి ఊరే నూనెను అది పూసుకోవడం వల్లనే.

మొక్కల సంగతికి రెండు కాగితపు ఆకులు చాలు. రెండింటికీ కొవ్వొత్తి రుద్ది, ఒకదాని కొనను గుండ్రంగా, రెండోదాని కొనను సన్నగా పొడవుగా కత్తిరించి, ఏటవాలుగా పట్టుకుని నీటి చుక్కలు వేయించండి. ఏ ఆకు మీద నీరు ఎక్కువసేపు నిలిచిందో తననే చూసి చెప్పమనండి. ఎడతెగని వానలు కురిసే ఆ అడవుల్లో ఎన్నో చెట్ల ఆకులకు అలాంటి సన్నని కొన ఉంటుంది.

బడికి పంపేటప్పుడు చీపురు పుల్లను పెట్టెకు అంటించకుండా విడిగా ఇవ్వండి. తోటి పిల్లలు కూడా ఆడపక్షికి పండు అందించగలుగుతారు.