వెన్నుపూస జబ్బులు, క్లినికల్ ట్రయల్స్, మా అమ్మ పిండికట్టు

మీ నాన్నగారికి నడుము దగ్గర డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారినట్టు ఎంఆర్‌ఐలో వచ్చిందనీ, ఒక వైద్యుడు వెంటనే ఆపరేషన్ చేయించమంటే మరొకరు ఆగమన్నారనీ, మూడో చోట ఏదో క్లినికల్ ట్రయల్‌లో, అంటే రోగుల మీద చికిత్సలను పోల్చి చూసే పరీక్షలో, చేర్చుకుంటామన్నారనీ, అసలు ఈ ట్రయల్స్‌ను నమ్మవచ్చా అనీ అడిగారు. నమ్మవచ్చు. ఒక వైద్యుడి ముప్పై ఏళ్ళ అనుభవం కంటే సరిగ్గా నడిపిన ఒక్క ట్రయల్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. నేను వైద్యుణ్ణి కాను, హైదరాబాద్‌లో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ నమ్మకం నాకు మా అమ్మ వీపు నేర్పింది.

1976లో మేము చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె వాటాలో ఉండేవాళ్ళం. నాకు పదకొండేళ్ళు. అమ్మకు నెలల తరబడి వీపు నొప్పి, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడడం. చివరికి నగరంలోని ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి వెన్నుపూసకు క్షయ పట్టిందన్నారు. మందులు మొదలుపెట్టారు. వాటితోపాటు చంకల కింది నుంచి తుంటి దాకా పిండికట్టు వేసి, ఆరు నెలలు మంచం దిగకూడదన్నారు. అమ్మ అప్పటికి నడుస్తూనే ఉంది. ఆ ఆసుపత్రి మెట్లు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే ఎక్కింది.

ఆ ఏడు శ్రీరామనవమి నాడు రేడియోలో భద్రాచలం కల్యాణం వస్తూండగా, వెల్లకిలా పడుకున్న అమ్మకు చెంచాతో పానకం పట్టే పని నాకు అప్పగించారు. నా ధ్యాస రేడియో మీద ఉంది. చెయ్యి తొణికి, పానకం గడ్డం మీదుగా మెడ కిందికి జారి కట్టులోకి దిగిపోయింది. పైపైన తుడిచేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళలో రెండో ఆట వదిలే వేళకు అమ్మ కేక వేసింది. నాన్న టార్చిలైటు వేసి చూస్తే, గోడ నుంచి మంచం కోడు మీదుగా ఎర్రచీమల బారు ఒకటి పిండికట్టు అంచు దాకా పాకి లోపలికి వెళుతోంది. కట్టుకూ ఒంటికీ మధ్య వేలు దూరని సందు. నాన్న చీపురుపుల్లకు తడిగుడ్డ చుట్టి, లోపలికి పోనిచ్చి, అంటుకున్న చీమలను దులిపి మళ్ళీ పోనిచ్చి, తెల్లవారేదాకా అదే పని చేశారు. పక్కవాటా పిన్నిగారు నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి మంచం కోళ్ళ కింద పెట్టింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి కట్టు విప్పమని నాన్న బతిమాలితే, విప్పితే వెన్నెముక కూలిపోతుందని పంపించేశారు.

2004లో మా గ్రంథాలయంలో పాత సంపుటాలకు అట్టలు వేయించడానికి బీరువాలు ఖాళీ చేస్తూ, 1973 నాటి జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీ బ్రిటిష్ సంపుటం తెరిచాను. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దక్షిణ కొరియాలోని మాసాన్ పట్టణంలో జరిపిన ట్రయల్ అందులో ఉంది. వెన్నుపూస క్షయ రోగులను చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేసి, రెండు గుంపులకూ క్షయ మందులు ఇచ్చి, ఒక గుంపును ఆరు నెలలు ఆసుపత్రి మంచానికి పరిమితం చేశారు. రెండో గుంపును మొదటి రోజు నుంచే ఇంటి దగ్గర తిరగనిచ్చారు. అదే ఏడు వేరే పత్రికలో వచ్చిన, కొరియాలోనే పూసాన్ నగరంలో జరిపిన ట్రయల్‌లో ఒక గుంపుకు తొమ్మిది నెలలు పిండికట్టు వేసి, ఇంకో గుంపుకు వేయలేదు. మంచం వల్ల గానీ కట్టు వల్ల గానీ అదనపు మేలేదీ కనబడలేదు. జబ్బు నయం చేసింది మందులు. ఆ ఫలితం అచ్చయిన మూడేళ్ళకు మా అమ్మ కట్టులో చీమలు తిరిగాయి. ఆ సంపుటం అప్పటికే మన నగరంలో ఏదో ఒక బీరువాలో తాళం కింద ఉండే ఉంటుందని నా గట్టి నమ్మకం. తాళాలు పెట్టుకుని కూర్చోవడంలో మా గ్రంథాలయాల వాళ్ళను మించినవారు లేరు.

ఆ వ్యాసంలోనే ఇంకో సంగతి నేర్చుకున్నాను. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవలేనంతగా కాళ్ళు చచ్చుబడినవారిని ఆ ట్రయల్స్‌లో చేర్చుకోలేదు. కాబట్టి ఆ ఫలితం నడవగలిగినవారిది. నడవలేనివారికి అదే వర్తిస్తుందని ఎవరన్నా అంటే నమ్మకూడదు. అదే పరంపరలో హాంకాంగ్‌లో చేసిన ట్రయల్‌లో, పాడైన ఎముక తీసేసి కొత్త ఎముక అతికించే పెద్ద ఆపరేషన్ వల్ల గూని కాస్త తక్కువగా ఉంటుందని తేలింది. మద్రాసులో 1975లో మొదలైన ట్రయల్‌లోనైతే, తిరుగుతూ ఆరు లేక తొమ్మిది నెలలు మందులు వాడినవారు మందులతోపాటు ఆ ఆపరేషన్ కూడా చేయించుకున్నవారికి తీసిపోలేదు. ఇది మన పక్కనే, మనలాంటి రోగుల మీద జరిగిన పని. ఈ మాట ఎంతమందికి తెలుసు?

అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "ఆ కట్టు లేకపోతే ఆరు నెలలు నన్ను పడుకోనిచ్చేవారట్రా? వంట ఎవరు చేసేవారు?" అంది.

మీ నాన్నగారి సంగతికి వస్తాను. ముందుగా ఆ స్కాన్ రిపోర్టు చూసి హడలిపోకండి. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో ఏ నడుము నొప్పీ లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, అందులో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. తల నెరిసినట్టే డిస్కు కూడా అరుగుతుంది. నొప్పి నడుములోనే ఉందా, కాలులోకి లాగుతోందా అన్నది ఫిల్ము కంటే ముఖ్యం. కాలి నొప్పి ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రంగా ఉన్న 283 మందితో నెదర్లాండ్స్‌లో జరిపిన ట్రయల్ 2007లో వెలువడింది. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి తొందరగా తగ్గింది. ఆగినవారిలో 39 శాతం మంది ఏడాదిలోపు ఆపరేషన్‌కే వెళ్ళారు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. అంటే మీ ఇద్దరు వైద్యులూ అబద్ధం చెప్పలేదు. ఒకరు మొదటి మూడు నెలలను చూస్తున్నారు, మరొకరు ఏడాది చివరను చూస్తున్నారు. నొప్పి భరించేది మీ నాన్నగారు గనుక తేల్చుకోవలసింది ఆయనే.

ట్రయల్స్ అన్నీ ఇంత తేటగా ఉండవు. 2006లో అమెరికాలో వెలువడిన డిస్కు ట్రయల్‌లో ఆపరేషన్ అని చీటీ వచ్చినవారిలో చాలామంది చేయించుకోలేదు, వద్దని వచ్చినవారిలో చాలామంది చేయించుకున్నారు. దాంతో ఎవరి వాదానికి కావలసిన అంకెలు వారు అందులోంచి ఏరుకుంటున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆస్ట్రేలియాలో 78 మందితో జరిపి 2009లో వెలువరించినది. ఎముకలు గుల్లబారి నలిగిన వెన్నుపూసలోకి ఎముకలకు వాడే సిమెంటు ఎక్కించే చికిత్సను పరీక్షించడానికి, సగం మందికి నిజంగా ఎక్కించి, మిగిలినవారికి పూస మీద మెల్లగా తట్టి, సిమెంటు వాసన గదంతా వచ్చేలా అక్కడే కలిపి, ఎక్కించకుండా వదిలేశారు. రెండు గుంపులకూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఆ వాసన గురించి చదివాక, "ఈ చికిత్స చేయగానే మా పేషెంట్లకు తగ్గింది" అనే మాట ఎవరన్నా నేను వెంటనే తల ఊపను.

మిమ్మల్ని చేరమన్న ట్రయల్ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో (దేశంలోని ట్రయల్స్ వివరాలు ఎవరైనా చూడగలిగే జాబితా) ఉందో లేదో ముందు చూడండి. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి, చూడడానికి రూపాయి ఖర్చు లేదు. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారో, మీ నాన్నగారి వంటివారిని చేర్చుకుంటున్నారో లేదో అందులో ఉంటుంది. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ పేరా సమ్మతి పత్రంలో కనబడేదాకా సంతకం పెట్టనివ్వకండి. పత్రం తెలుగులోనే అడిగి తీసుకోండి, అయితే ఆ తెలుగుకు కాస్త ఓపిక కావాలి. మా బావమరిదికి ఒక చోట ఇచ్చిన పద్నాలుగు పేజీల కాగితంలో "మీరు యాదృచ్ఛికీకరించబడతారు" అని ఉంది. చీటీ వేసి నిర్ణయిస్తాం అని రాస్తే ఆ పుణ్యాత్ముల సొమ్మేం పోయింది? అర్థం కాని ప్రతి వాక్యానికీ అక్కడి ఉద్యోగి చేత నోటితో అర్థం చెప్పించుకోండి, ఎన్నాళ్ళయినా సరే, ఇంటికి తెచ్చుకుని చదవండి.

ఈలోగా మీ నాన్నగారికి మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, నడిచేటప్పుడు పాదం వాలిపోతున్నా, ట్రయల్ సంగతీ నా సంగతీ పక్కన పెట్టి ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.