వైఫై పోతే మోటారు ఎందుకు ఆగట్లేదు?

ప్రశ్న: ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఇంటి మోటారుకు కంట్రోలర్ చేశాను. ట్యాంకు నిండగానే రిలే (మోటారుకు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్) ఆఫ్ కావాలి. కానీ వైఫై పోయినప్పుడు మోటారు ఆగట్లేదు, మేడ మీంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) వాడమంటున్నారు. వాటిలో ఫ్రీఆర్‌టీఓఎస్ నేర్చుకోవాలా, జెఫిరా?

జవాబు: ఫ్రీఆర్‌టీఓఎస్‌ని మీరు కొత్తగా ఎక్కించుకోనక్కర్లేదు. ఈఎస్‌పీ32కి ఆర్డుయినోలో ప్రోగ్రామ్ రాస్తున్నారంటే అది అడుగున నడుస్తూనే ఉంది, మీరు రాసే లూప్ కూడా దాని కింద ఒక టాస్కే (విడిగా నడిచే పని). చిక్కల్లా పనులన్నీ ఆ ఒక్క టాస్కులో కుక్కేయడం వల్ల వస్తోంది. వైఫై కనెక్ట్ అయ్యేదాకా డిలే పెట్టి తిరిగే వైల్ లూప్ మీ కోడ్‌లో ఉందేమో చూడండి, నాకు దాని మీదే అనుమానం. రౌటర్ ఆగిందంటే ప్రోగ్రామ్ అక్కడక్కడే తిరుగుతుంది, ఈలోపు ట్యాంకు నిండిందని చెప్పే ఫ్లోట్ స్విచ్‌ని చూసే దిక్కుండదు.

ఆర్‌టీఓఎస్ పేరులోని రియల్ టైమ్ అంటే స్పీడు అనుకుంటారు చాలామంది. కాదండీ, ఫలానా పని ఫలానా గడువులోగా జరిగి తీరాలి, అదీ సంగతి.

అందుకని ఫ్లోట్ స్విచ్ చూసి రిలే ఆపే పనిని వేరే టాస్కుగా రాయండి. లూప్ ప్రయారిటీ 1 కాబట్టి దీనికి 3 ఇవ్వండి (ఇక్కడ పెద్ద అంకెకే ముందు వంతు), 100 మిల్లీసెకన్లకోసారి చూసి వీటాస్క్‌డిలే అనే ఫంక్షన్‌తో కాసేపు ఆగి మిగతావాటికి చోటిస్తే చాలు. ఫోన్‌కి పంపాల్సిన సమాచారం క్యూలో (టాస్కుల మధ్య సందేశాలు వరుసగా ఉంచే చోటు) వేయండి, అయితే వేసేటప్పుడు వెయిట్ టైమ్ సున్నా పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే వైఫై లేక క్యూ నిండిపోయిన రోజున మోటారు టాస్కు కూడా ఖాళీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొకటి, మామూలు ఫ్రీఆర్‌టీఓఎస్‌లో స్టాక్ సైజు (టాస్కుకు కేటాయించే మెమరీ) వర్డ్స్‌లో ఇస్తారు (32 బిట్ చిప్‌లో వర్డ్ అంటే 4 బైట్లు), ఈఎస్‌పీ32లో బైట్లలో ఇవ్వాలి. వేరే బోర్డు ఉదాహరణలోని 1024ని అలాగే కాపీ కొడితే ఇక్కడ దక్కేది అందులో పావు వంతే, బోర్డు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది.

జెఫిర్ కూడా మంచిదే. 2016 నుంచి లైనక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టుగా ఉంది, బ్లూటూత్, నెట్‌వర్క్, డ్రైవర్లు అన్నీ అందులోనే వస్తాయి. కాకపోతే బోర్డు హార్డ్‌వేర్‌ని వివరించే డివైస్ ట్రీ, ఫీచర్లు ఎంచుకునే కేకాన్ఫిగ్ ఒంటబట్టడానికి టైం పడుతుంది. ప్రయారిటీ లెక్క కూడా తిరగబడుతుంది, అక్కడ చిన్న అంకెకే పెద్దపీట. రేపు రకరకాల చిప్‌ల మీద పనిచేసే ఉద్యోగం చూసుకుంటుంటే తప్పక నేర్చుకోండి, ఈ మోటారు కోసమైతే వద్దు. ఫ్రీఆర్‌టీఓఎస్‌ది ఎంఐటీ లైసెన్స్, జెఫిర్‌ది అపాచీ 2.0, కాబట్టి మీ కంట్రోలర్‌ని అమ్ముకోవాలనుకున్నా ఏ ఒక్కటీ మీ కోడ్ బయటపెట్టమనదు.

మార్చాక మోటారు తిరుగుతుండగానే రౌటర్ ప్లగ్ పీకేసి, ఫ్లోట్‌ని చేత్తో పైకెత్తి చూడండి. రిలే వెంటనే టక్‌మనాలి.