చేతికి రాని డివిడెండూ ఆదాయమే

"డబ్బు నా ఖాతాలోకే రాలేదు కదా మావయ్యా, దానికి పన్నెందుకు కట్టాలి?"

సెలవులకు విశాఖపట్నం వచ్చినప్పుడు, ఎంవీపీ కాలనీలో అక్కయ్య ఇంట్లో మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మిగిలిన జీతం అక్కడి మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్నాడు. డివిడెండు వస్తే దానితో అవే యూనిట్లు మళ్లీ కొనేలా పెట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే బావగారు అందుకున్నారు: "పండిన వడ్లు విత్తనానికి వాడుకుంటే పంట పండనట్టా?"

సరిగ్గా అంతే. డివిడెండు అందడం ఒకటి, దానితో యూనిట్లు కొనడం మరొకటి. పన్ను మొదటిదానికి. ఏడాది మొదట్లో బ్రోకరు పంపే 1099-డివ్ పత్రంలో 1ఎ గడిలో మొత్తం డివిడెండు, 1బి గడిలో అందులో తక్కువ రేటు వర్తించే భాగం, 2ఎ గడిలో ఫండు పంచిన మూలధన లాభం ఉంటాయి. 10 డాలర్లలోపు అయితే ఆ పత్రం రాకపోవచ్చు, ఆదాయం మాత్రం చూపాలి. 1ఎ గడిలో చూపే డివిడెండ్లన్నీ కలిపి ఏడాదికి 1,500 డాలర్లు దాటితే రిటర్నుకు జతచేసే షెడ్యూల్ బి కూడా నింపాలి. 401కె, ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాల లోపల జమయ్యే డివిడెండ్లను ఏటా చూపనక్కరలేదు.

ఇంతవరకు అందరూ ఎలాగో నేర్చుకుంటారు. నష్టపోయేది అమ్మేటప్పుడు. 10,000 డాలర్లు పెట్టారనుకోండి. కొన్నేళ్లలో 2,400 డాలర్ల డివిడెండు తిరిగి అందులోకే వెళ్లింది, ఏటా దానిపై పన్నూ కట్టారు. 15,000కు అమ్మితే లాభం 5,000 కాదు, 2,600 మాత్రమే. ఆ 2,400 మీ కొనుగోలు ధరలో కలుస్తుంది. కలపకపోతే ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను కట్టినట్టు.

నేనూ అక్కడ అలాగే కట్టాను. 2005లో కొన్నవి 2014లో అమ్మాను. 2012కు ముందు కొన్న ఫండు యూనిట్ల ధరను ప్రభుత్వానికి తెలపాల్సిన బాధ్యత బ్రోకరుకు లేదు, లెక్క మనదే. మొదట పెట్టిన సొమ్ము ఒక్కటే రాశాను. పొరపాటు తెలిసేసరికి, రిటర్ను సవరించి డబ్బు వెనక్కి అడగడానికి ఉన్న మూడేళ్ల గడువు దాటిపోయింది. అందుకే మావాడితో గట్టిగా చెప్పాను: బ్రోకరును మార్చేముందు పాత ఖాతా స్టేట్‌మెంట్లన్నీ దింపుకో.

అప్పుడు బావగారు బీరువాలోంచి మరో కాగితం తెచ్చారు. వాడు చదువుకునే రోజుల్లో వాడి పేరిట ఇక్కడ కొన్న ఫండు, అదీ డివిడెండు తిరిగి మదుపయ్యేదే. అమెరికాలో పన్ను నివాసి అయినవాడు ఈ ఆదాయమూ అక్కడ చూపాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లో డివిడెండుకు పన్ను మదుపరిదే. టీడీఎస్ కోసుకుని మిగిలినదే తిరిగి మదుపవుతుంది, కానీ అమెరికా రిటర్నులో కోతకు ముందున్న మొత్తం రాయాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు అడగవచ్చు. పైగా భారతీయ ఫండ్లు సాధారణంగా పీఎఫ్ఐసీ నిబంధనల (విదేశీ పెట్టుబడి సంస్థలపై అమెరికా పెట్టిన ప్రత్యేక పన్ను నియమాలు) కిందికి వస్తాయి. వాటికోసం నింపాల్సిన ఫారం 8621 లెక్కలు చాలా కఠినం. ఈ ఒక్కటీ సొంతంగా నింపవద్దని, రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌కు ఆ కాగితం చూపించమని చెప్పాను. తిరుగు ప్రయాణానికి సర్దుకుంటూ వాడు దాన్ని పాస్‌పోర్టు పక్కనే పెట్టుకున్నాడు.