పొలానికి వచ్చినా వంటింట్లోనే ఉన్నాను

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారు జాబ్‌కి ఆరు నెలలు బ్రేక్ పెట్టారు. పాపకి 12, బాబుకి 6. పరీక్షలయ్యాక ఊళ్ళు తిరుగుతూ ఇప్పుడు హిమాచల్‌లో కాంగ్రా దగ్గర ఒక ఆర్గానిక్ ఫామ్‌లో ఉన్నాం, రోజుకి ఐదు గంటలు పని చేస్తే తిండి, రూమ్ ఫ్రీ. ఆయన గోధుమ కోతలకి వెళ్ళి హ్యాపీగా వస్తారు. నేను పది మందికి రొట్టెలు చేస్తూ బాబు వెనక పరిగెడుతున్నా. వాడేమో సాయంత్రమైతే ఎవరూ చెప్పకుండానే జీవామృతం (పొలానికి వేసే ద్రవ ఎరువు) డ్రమ్ములో కర్ర పెట్టి తిప్పుతుంటాడు. ఆయనకి ఐదు గంటలు అయితే అయిపోయినట్టే, నాకు అయిపోవడం అంటూ లేదు. పాప నోరు విప్పట్లేదు. అత్తగారేమో లక్షల జీతం వదిలి కూలికి పోయారా అని ఫోన్‌లో ఏడుపు. తర్వాత న్యూజిలాండ్ ఫామ్‌లకి అంటున్నారు, స్కూల్‌కి కాస్త లేట్‌గా వెళ్తే ఏం కాదట. పిల్లల్ని తీసుకుని వచ్చేయాలనిపిస్తోంది, తప్పా?

జవాబు: తప్పేం లేదండి. కానీ బ్యాగ్ సర్దే ముందు ఒక రెండు రోజులు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏ పని ఎంతసేపు చేశారో ఫోన్‌లో రాసుకోండి. పిండి కలపడం, గిన్నెలు, బాబు స్నానం, అన్నీ రాయండి, ఇదేం పనిలే అని ఏదీ వదిలేయకండి. నాకైతే మీ ఉత్తరం చదివితే ఫామ్ మీద కోపం ఎక్కడా కనపడలేదు, ఇంట్లో ఉన్న వంటిల్లే ఇంకా పెద్దదై మీ వెంట వచ్చింది, అదీ మీ బాధ.

అసలు ఇలా పొలంలో పనిచేసి తిండీ వసతీ తీసుకునే ఈ పద్ధతి 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది. సూ కాపర్డ్ అని లండన్‌లో సెక్రటరీగా చేసే ఆవిడ, సిటీలో ఊపిరాడక శని ఆదివారాలు ఆర్గానిక్ పొలంలో పనిచేద్దామని ఇంకొంతమందిని కూడగట్టింది. సోమవారానికి ఎవరింటికి వాళ్ళు పోయేవాళ్ళు, ముఖ్యమైన సంగతి అదీ! ఇప్పుడది వూఫ్ (WWOOF) పేరుతో చాలా దేశాల్లో ఉంది, మామూలుగా రోజుకి నాలుగు నుంచి ఆరు గంటల పని, దానికి తిండీ వసతీ, పైగా వ్యవసాయం నేర్చుకోవడం. ఆ నేర్చుకోవడం మీకు దక్కట్లేదు కదా, రొట్టెలు చేయడం మీకు కొత్తా?

హోస్టుతో, అంటే ఆ ఫామ్ వాళ్ళతో, ముందు మాట్లాడుకున్నది మీవారొక్కరే అనిపిస్తోంది, ఇద్దరి గంటలూ ఆయనే ఒప్పేసుకున్నట్టున్నారు. ఈసారి మీరే వెళ్ళి కూర్చోండి, హైదరాబాద్ వాళ్ళకి హిందీ కష్టమా చెప్పండి. చిన్న పిల్లలతో వచ్చాం కాబట్టి మా ఇద్దరినీ కలిపి ఒక మనిషి పనిగా లెక్కేయండి, ఒకరు పొలంలో ఉంటే ఒకరు బాబు దగ్గర, రోజు మార్చి రోజు, అని అడగండి. అలా ఒప్పుకునే హోస్టులు ఉంటారు. మీ టర్న్ పొలం అయిన రోజు వంట సంగతి మీవారు చూసుకోవాలి. రొట్టె రాదంటారా, అన్నం వండి పప్పు పెడతారు, కుక్కర్ విజిల్ లెక్కపెట్టడానికి బ్రేక్ అక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది బాబు సంగతి. జీవామృతం డ్రమ్ములో ఎవరూ చెప్పకుండానే సాయంత్రం కర్ర పెట్టి తిప్పుతున్నాడని రాశారు చూడండి, అందులో ఉండేది రెండొందల లీటర్ల నీళ్ళు, పది కిలోల పేడ, పంచితం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. మన ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు కలిపేది కూడా అదే. ఆ వాసనకి మనం ముక్కు మూసుకుంటాం, వాడికది రోజూ వాడి డ్యూటీ.

పాపకి అలాంటిదేదీ లేదు. వచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు, ఫ్రెండ్స్ అంతా అక్కడ, పైగా స్కూల్ తెరిచే టైమ్‌కి ఉంటామో లేదో తెలీదు, మరి మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది? పాలు పితకడమో, నారుమడో, బజార్‌లో కూరలు అమ్మడమో, ఏదో ఒకటి దాన్నే ఎంచుకోనివ్వండి, ఏదీ వద్దంటే వద్దు. సిగ్నల్ దొరికే చోటికి రోజూ ఒక గంట తీసుకెళ్ళి ఫ్రెండ్స్‌తో మాట్లాడించండి. ఇంకోటి అడక్కుండా ఉండలేను, అక్కడ ముక్కూ మొహం తెలీని వాలంటీర్లు వస్తూ పోతూ ఉంటారు కదా, పాప ఎక్కడ పడుకుంటోంది, బాత్రూమ్‌కి లోపల గడియ ఉందా, పీరియడ్ వస్తే ఏం చేయాలో దానికి తెలుసా? పన్నెండేళ్ళ పిల్ల నోరు విప్పట్లేదంటే అన్నిటికంటే ముందు ఇవి చూడాలి.

అత్తగారికి జవాబు మీరు చెప్పకండి, వాళ్ళబ్బాయినే చెప్పమనండి. ఆవిడ పల్లెటూళ్ళో పుట్టిన మనిషైతే నాట్లప్పుడు ఒకరి చేలోకి ఒకరు బదులుకి పోవడం చూసే ఉంటారు, డబ్బుల్లేని పనంటే ఏంటో ఆవిడకి తెలీక కాదు, మనవల మీద బెంగ అంతే. బాబు డ్రమ్ము తిప్పే వీడియో పంపండి, సగం ఏడుపు తగ్గుతుంది.

న్యూజిలాండ్ సంగతి వేరు. అక్కడ తిండికీ వసతికీ బదులుగా చేసినా దాన్ని పనిగానే చూస్తారు, విజిటర్ వీసా మీద కుదరదు. పిల్లలతో వెళ్ళి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడేకంటే ముందే వీసా రూల్స్ చదవమనండి.

ఇక వచ్చేయాలా అంటే, మీవారితో గొడవ లేకుండా ఒక మాట చెప్పండి, పది రోజులు టర్న్‌లు మార్చి చూద్దాం, మారకపోతే నేనూ పిల్లలూ పఠాన్‌కోట్‌లో ట్రైన్ ఎక్కుతాం, నువ్వు నీ బ్రేక్ పూర్తి చేసుకునిరా, అని. బెదిరింపులా కాదు, టికెట్లు చూపించి మామూలుగా. ఒక్కోసారి అలా విడిగా ఉంటేనే ఆయనకీ మీకూ సుఖం, దానికి కాపురం కూలిపోదు. స్కూల్ సీటు గురించి మాత్రం ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. పాప గది గడియ సంగతి ఈ రాత్రికే చూడండి, హోస్టుతో మాట రేపు పొద్దున టీ టైమ్‌లో.