షార్ట్‌లో ముందుంటే పతకం ఖాయమేనా?

ఆటల ముచ్చట – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేడమ్, మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం. మంచు మీద జరిగే ఆడవాళ్ల ఫిగర్ స్కేటింగ్ ఎప్పుడు వచ్చినా నిద్ర మానుకుని చూస్తాం. పోటీ రెండు భాగాలు కదా, మొదటి రోజు షార్ట్ ప్రోగ్రామ్ అయ్యాక, రెండోదైన ఫ్రీ స్కేట్‌కు ముందే, గెలిచే అమ్మాయి పేరు చీటీ మీద రాసి బియ్యం డబ్బాలో వేస్తాం. నేను ప్రతిసారీ షార్ట్‌లో మొదటి స్థానంలో ఉన్న అమ్మాయినే రాస్తాను. లేదంటే అందరికన్నా ఎక్కువ పర్సనల్ బెస్ట్ (ఇప్పటిదాకా తెచ్చుకున్న అత్యధిక మార్కు) ఉన్న అమ్మాయిని రాస్తాను. అయినా మా చిన్నచెల్లె చీటీయే గెలుస్తోంది. నా లెక్కలో తప్పెక్కడుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, జమ్మికుంట

జవాబు: బిడ్డా, నీ లెక్క చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ 1994 లిల్లెహామర్ నుంచి 2022 బీజింగ్ దాకా జరిగిన ఎనిమిది శీతాకాల ఒలింపిక్స్ ఫలితాలు ఒక కాగితం మీద రాసి చూడు. షార్ట్‌లో మొదట నిలిచిన అమ్మాయికే బంగారు పతకం వచ్చింది రెండుసార్లే. 2010లో కిమ్ యునాకు, 2018లో అలీనా జగితోవాకు. మిగతా ఆరుసార్లూ పతకం వేరే మెడలో పడింది. మిషెల్ క్వాన్ 1998లోనూ 2002లోనూ షార్ట్‌లో మొదటే ఉంది, రెండుసార్లూ బంగారం అందలేదు. నాకు ఆమె స్కేటింగ్ అంటే ప్రాణం. ఇప్పటికీ ఆ ఫలితాలు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 2002లో గెలిచిన సారా హ్యూస్ షార్ట్ అయ్యేసరికి నాలుగో స్థానంలో ఉంది. నాలుగో అమ్మాయి పేరు చీటీ మీద ఎవరు రాస్తారు చెప్పు!

అప్పటి మార్కుల పద్ధతి వేరు, నిజమే. షార్ట్, ఫ్రీ మార్కులు రెండూ కలిపే పద్ధతి వచ్చాక 2006 ట్యూరిన్‌లో చూడు. షార్ట్ అయ్యాక సాషా కోహెన్ ముందుంది. ఎంత ముందుంది? 0.03 మార్కులు. ఫ్రీ స్కేట్‌లో మొదటి జంప్‌కే పడింది. జపాన్ అమ్మాయి షిజుకా అరకావా తొణక్కుండా బెణక్కుండా చేసి బంగారం తీసుకుపోయింది.

ఇది అదృష్టం ఆట కాదు, ఒకసారి లెక్క వేసుకో. షార్ట్ రెండు నిమిషాల నలభై సెకన్లు, ఫ్రీ స్కేట్ నాలుగు నిమిషాలు. షార్ట్‌లో జంప్‌ల వంతు మూడు, ఫ్రీలో ఏడు. గాల్లో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లుట్జ్ అనే జంప్‌కు మూల విలువ 5.90. దిగేటప్పుడు పడిపోతే జడ్జిలు మైనస్ ఐదు వేస్తారు, అంటే ఆ విలువలో సగం పోతుంది. పడినందుకు ఇంకో మార్కు కోత. చివరికి చేతికొచ్చేది 1.95. అదే జంప్ చక్కగా దిగితే ఏడుకు పైనే వస్తుంది. ఒక్కసారి పడితే ఐదు మార్కులు గల్లంతు! అలాంటప్పుడు షార్ట్‌లో ఒకటి, రెండు మార్కులు ముందుంటే దాన్ని ఆధిక్యం అని ఎలా అంటాం?

దీనికి తోడు టెన్షన్. ఇది నేను టీవీలో చూసి చెప్తున్న మాట కాదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా స్థాయి రోలర్ స్కేటింగ్ పోటీలో మొదటి రోజు మొదటి స్థానంలో నిలిచింది. ఆ రాత్రి హన్మకొండలో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బగారన్నం వండి పెడితే పిల్ల రెండు ముద్దలు తిని లేచింది. షూ ముందువైపు ఉండే రబ్బరు బ్రేకు స్క్రూ బిగిస్తుంది, వదులు చేస్తుంది, మళ్లీ బిగిస్తుంది. "అమ్మా, రేపు నేనే చివర దిగాలి, అందరి మార్కులూ వింటూ కూచోవాలి" అని ఒకటే మాట. మర్నాడు మొదటి మలుపులోనే మోకాలు నేలకు తగిలింది. సిమెంట్ గచ్చు మీద మోకాలి గార్డ్ గీసుకుపోయిన చప్పుడు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. మొదటి రోజు ఐదో స్థానంలో ఉండి, ఆశ వదులుకుని దిగిన పిల్ల హాయిగా ఆడి కప్పు తీసుకుపోయింది.

అందుకే బీజింగ్‌లో కమిలా వలీవా చివరగా దిగుతుంటే నాకు గుండె దడ పట్టుకుంది. పదిహేనేళ్ల పిల్ల, పైన డోపింగ్ గొడవ. షార్ట్‌లో మొదట ఉన్నది ఫ్రీలో పదే పదే పడి నాలుగో స్థానానికి జారింది. ఆ పిల్ల ఏడుపు చూడలేక ఆ సాయంత్రం టీవీ కట్టేశాను. తర్వాత సీనియర్ పోటీలకు కనీస వయసును దశలవారీగా 17కు పెంచారు. ఆ పని ఎప్పుడో చేయాల్సింది.

ఇక పర్సనల్ బెస్ట్ సంగతి. మా నాన్న నర్సంపేట వైపు నుంచి మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చేవాడు. పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు వేలంలో అన్నిటికన్నా ఎక్కువ ధర, ఎంత పలికిందో ఊరంతా చెప్పుకునేది. ఆ ధర ఏ ఒక్క రైతు సరుకుకో పడుతుంది. మన బస్తా దగ్గరికొచ్చేసరికి వ్యాపారి లోపలికి చెయ్యి పెట్టి, నడిమి నుంచి గుప్పెడు కాయలు తీసి, పిసికి తేమ చూసి వేరే ధర చెప్తాడు. పర్సనల్ బెస్ట్ అంటే జెండా పాట, బిడ్డా. ఒక మంచి రోజున పలికిన ధర. నువ్వు చూడాల్సింది ఆ సీజన్‌లో ఆ అమ్మాయి చేసిన చివరి నాలుగు అంతర్జాతీయ పోటీల మొత్తాలు. అన్నిటికన్నా ఎక్కువది పక్కన పెట్టు, అన్నిటికన్నా తక్కువది ఎంతో చూడు. తక్కువ మార్కు కూడా గట్టిగా ఉన్న అమ్మాయిని నమ్మొచ్చు. సొంత దేశపు ఛాంపియన్‌షిప్‌లో వచ్చిన మార్కులు లెక్కలోకి తీసుకోకు, అక్కడ చెయ్యి ధారాళంగా ఉంటుంది. ఫ్రీలో చివరి మూడు జంప్‌లు ఎలా దిగుతోందో కూడా చూడు. వాటికి పది శాతం అదనం ఇస్తారు, కాళ్లు అలిసిపోయేదీ అప్పుడే.

షార్ట్‌లో ముందున్న అమ్మాయి పేరు అసలు రాయొద్దని కాదు. 2025లో బోస్టన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో నీ పద్ధతే నెగ్గింది. అలీసా లియు 2022లో పదహారేళ్లకే ఆట మానేసింది, రెండేళ్ల తర్వాత తనంతట తానే తిరిగొచ్చింది. షార్ట్‌లో మొదట నిలిచి, ఫ్రీలోనూ మొదట నిలిచి 222.97తో గెలిచింది. ఆ నాలుగు నిమిషాలూ ఆమె ముఖం చూశావా? బతుకమ్మ చుట్టూ తిరిగే పిల్ల ముఖంలా ఉంది. అలాంటి అమ్మాయి ముందుంటే కళ్లు మూసుకుని పేరు రాసెయ్.

ప్రశ్న: క్వాడ్‌లు, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంప్‌లు, వేసే అమ్మాయి బరిలో ఉంటే ఇక ఆలోచించేదేముంది? ఆమె పేరే రాయొచ్చు కదా?
– ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: అలా రాస్తే బీజింగ్‌లో ఓడిపోయేవారు సార్. అలెగ్జాండ్రా ట్రుసోవా ఫ్రీలో ఏకంగా ఐదు క్వాడ్‌లు వేసి 177.13 తెచ్చుకుంది. ఆ రోజు అందరికన్నా ఎక్కువ ఆమెకే. కానీ ఆడవాళ్ల షార్ట్‌లో క్వాడ్‌లు వేయనివ్వరు. అక్కడ ట్రిపుల్ ఆక్సెల్ అనే జంప్‌కు వెళ్లి పడింది, 74.60 దగ్గర ఆగింది. అన్నా షెర్బకోవా షార్ట్‌లో 80.20, ఫ్రీలో 175.75 తెచ్చుకుంది. రెండూ కలిపితే అన్నాకు 255.95, ట్రుసోవాకు 251.73.