16 అడుగుల దూలానికి అంత పొడవు చెక్క దొరకలేదు. మూడు పలకలు కలిపి బిగిస్తే అతుకులు ఎక్కడ రావాలి?

నట్టనడుమ మాత్రం వద్దు. చంద్రగిరి దగ్గర పల్లెలో మా మామ పశువుల కొట్టం వేసినప్పుడు ఆ ముచ్చట తీర్చుకున్నాం. మీలాగే 16 అడుగులు, మధ్యలో స్తంభం లేదు. సామిల్లులో 10 అడుగులకు మించి పలక దొరకలేదు. (రెండంగుళాల మందం అని డబ్బులు తీసుకుంటారు, టేపు పెడితే ఒకటిముప్పావు కూడా ఉండదు. అది వేరే ఏడుపు.) చూడ్డానికి సమంగా ఉండాలని ఆశారి అన్నీ 8 అడుగులకు కోసేశాడు. మూడు పలకల అతుకులూ ఒకే చోట వచ్చాయి. అటూ ఇటూ చెక్కపట్టీలు వేసి మేకులు దిగ్గొట్టి, "ఏనుగెక్కినా ఏం కాదులేన్నా" అన్నాడు.

ఏనుగు రాలేదు గానీ అటక మీదికి శనక్కాయ మూటలు ఎక్కాయి. నవంబరు వానలకి పెంకులు నాని బరువెక్కాయి. దూలం నడుం వంగిందని నిచ్చెనేసుకుని చూస్తే, అతుకు పైన బిర్రుగా మూసుకుపోయి ఉంది, అడుగున రూపాయి బిళ్ళ దూరేంత సందు. మేకులు వంగి తలలు బయటికొచ్చాయి. బరువు పడితే దూలానికి పైన నొక్కుడు, కింద లాగుడు. లాగుడు ఎక్కువగా ఉన్న చోటే చెక్క తెగి ఉంటే పట్టీలు ఎంతని ఆపుతాయి?

పొడవులో నాలుగో వంతు దగ్గర అతుకు పెట్టమని ఆన్‌లైన్‌లో అందరూ చెప్పేస్తారు. అది మూడు నాలుగు స్తంభాల మీదుగా ఆగకుండా సాగే దూలానికి. అక్కడ వంపు పైనుంచి కిందికి తిరిగే చోటు కాబట్టి దూలాన్ని వంచే భారం తక్కువ. రెండు గోడల మీదే ఆనిన దూలానికైతే, బరువు అంతటా సమానంగా ఉన్నప్పుడు, నాలుగో వంతు దగ్గర కూడా ఆ వంచే భారం నడుమ ఉన్నదాంట్లో 75 శాతం ఉంటుంది. అతుకులు ఎడంగా జరిపి బోల్టులు బిగించినా, అతుకు పడిన చోట మూడు పలకల్లో పనిచేసేవి రెండే. లెక్క రెండింటికే వేసుకోండి.

బలం చాలకపోతే నాలుగో పలక కంటే ఎత్తు పెంచడం మేలు. నాలుగోది వేసి దాని అతుకు వేరే చోట పెడితే పనిచేసేవి రెండు కాస్తా మూడై 50 శాతం పెరుగుతుంది, 8 అంగుళాల ఎత్తును 10 చేస్తే 56 శాతం. స్తంభం పెట్టే వీలుంటే ఇంకా మంచిది, అతుకు దాని నెత్తినే పెట్టేయొచ్చు.

మేమూ చివరికి ట్రాక్టరు జాకీతో దూలాన్ని లేపి అతుకు కింద రాతి స్తంభం నిలబెట్టాం. ఆశారి చేతులు దులుపుకుంటూ, "చూసినావా అన్నా, నేను ముందే సరైన చోట అతుకు పెట్టినా" అన్నాడు.