స్థితిస్థాపకత ఎక్కువంటే సాగుతుందనా, సాగదనా?

సందేహం: కాంతి సాయంతో జీవకణాల గట్టిదనాన్ని కొలిచే బ్రిల్వాన్ సూక్ష్మదర్శిని మీద ఒక వ్యాసం రాశాను. అందులో 'ఈ కణాలకు స్థితిస్థాపకత ఎక్కువ' అన్నాను. చదివిన మిత్రుడు 'అంటే బాగా సాగుతాయనా, అసలు సాగవనా?' అని అడిగాడు. ఏది సరి? ఇంకోచోట 'కాంతితో కణాన్ని తడిమి చూస్తారు' అని రాశాను. ఆ మాట అక్కడ కుదురుతుందా? బ్రిల్వాన్ అన్న పేరు ఇలాగే రాయాలా?

సమాధానం: మీ మిత్రుడు సరైన చోటే పట్టుకున్నాడు. స్థితిస్థాపకత అనే సమాసాన్ని విప్పి చూడండి, అందులో సాగడం ఎక్కడా లేదు. మునుపటి స్థితిని మళ్లీ నెలకొల్పుకునే గుణం అని మాత్రమే దాని అర్థం. లాగి వదిలినా నొక్కి వదిలినా వస్తువు మొదటి ఆకారానికి రావాలి. ఎంత తేలిగ్గా లాగవచ్చో ఆ మాట చెప్పదు. అయితే స్థితిస్థాపకత అనగానే అందరికీ రబ్బరే గుర్తొస్తుంది కాబట్టి, వాడుకలో అది 'సాగే గుణం'గా స్థిరపడిపోయింది. భౌతికశాస్త్రం దారి వేరు. అక్కడ యంగ్ గుణకం, అంటే లాగినా నొక్కినా పదార్థం ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత, ఎంత పెద్దదైతే స్థితిస్థాపకత అంత ఎక్కువ. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కళ్లు, రబ్బరుకు అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. మీ వాక్యం చదివి మామూలు పాఠకుడు మెత్తని కణాన్ని, ఇంజనీరు గట్టి కణాన్ని ఊహించుకుంటారు. ఇద్దరిదీ తప్పు కాదు.

కాబట్టి ఈ మాటను గుణం పేరుగా ఉంచుకోండి, 'ఎక్కువ', 'తక్కువ'లతో జతచేయకండి. కొలత చెప్పాల్సి వస్తే గుణకం పేరు చెప్పండి. లేదా 'బిరుసు' అనండి. గంజి పెట్టిన బట్టకు మనం వాడే మాటే ఇది, వంచబోతే ఎదురుతిరిగే గుణాన్ని చక్కగా పట్టిస్తుంది. 'కాఠిన్యం' మాత్రం వద్దు. గీత పడకుండా, సొట్ట పడకుండా తట్టుకునే గుణానికి లోహశాస్త్రం దాన్ని ఎప్పుడో తీసేసుకుంది.

అసలు చిక్కు 'గట్టి' దగ్గర ఉంది. మీరది గమనించినట్టు లేదు. ఏ పదార్థంలోనైనా వేడి వల్ల అతిసూక్ష్మమైన ధ్వని తరంగాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. వాటి మీద పడి పరిక్షేపణం చెందిన, అంటే చెదిరిన, కాంతి పౌనఃపున్యం రవ్వంత మారుతుంది. ఆకుపచ్చ లేజరు నీటిలోంచి వెనక్కి పరిక్షేపణం చెందితే ఆ తేడా దాదాపు 7.5 గిగాహెర్ట్‌జ్‌లు, అంటే కాంతి పౌనఃపున్యంలో డెబ్బై అయిదు వేల వంతుల్లో ఒక వంతు. ఆ తేడా నుంచి ధ్వని వేగం, వేగం నుంచి అనుదైర్ఘ్య గుణకం (పక్కలకు జరగనీయకుండా ఒకే దిశలో కుదిస్తే పదార్థం ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత) లెక్కకట్టవచ్చు, వక్రీభవన గుణకం, సాంద్రత కూడా తెలిసి ఉంటే. ఈ పద్ధతిలో నీటికి వచ్చే విలువ సుమారు 2.2 గిగాపాస్కళ్లు! అదే, జీవకణాన్ని సన్నని మొనతో నొక్కి చూసే పరమాణు బల సూక్ష్మదర్శినిలో యంగ్ గుణకం సాధారణంగా కిలోపాస్కళ్లలోనే ఉంటుంది. లక్షల రెట్ల తేడా.

మరి నీళ్లు గట్టివా? కుదించబోతే గట్టివే, నీరు ఓ పట్టాన కుదించుకోదు. ఆకారం మార్చబోతే అసలు ఎదురే చెప్పదు. మన 'గట్టి' ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది. బ్రిల్వాన్ పద్ధతి చూసేది మొదటిదాన్ని, అదీ క్షణంలో వందల కోట్ల కంపనాల వేగం దగ్గర. వేలితో నొక్కితే తెలిసే మెత్తదనం రెండోదానికి దగ్గర. కాబట్టి మీ వ్యాసంలో కనీసం ఒక్కసారైనా 'కుదింపును ఎదిరించే గుణం' అని విడమరచి రాయండి. ఇంకొకటి: కణంలో నీటి పాలు తగ్గినా ఈ కొలత పెరుగుతుంది. 'కణజాలం గట్టిపడింది' అని తేల్చే ముందు అది ఎండిందేమో చూడాలని ఈ రంగంవాళ్లలోనే వాదం ఉంది. మీ వాక్యంలో ఆ జాగ్రత్త కనబడాలి. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బులో ఆ పొడుచుకొచ్చిన భాగం దగ్గర ఈ పౌనఃపున్యం తేడా తగ్గినట్టు కొలిచారు. దాన్ని 'కార్నియా అక్కడ బలహీనపడింది' అనేకన్నా 'కుదింపును తక్కువగా ఎదిరిస్తోంది' అంటే కొలిచినంత మేరకే చెప్పినట్టవుతుంది. వాక్యం కొంచెం బరువెక్కుతుంది, ఫరవాలేదు.

ఇక 'తడిమి చూడటం'. తడమాలంటే తాకాలి, బలం పెట్టాలి. ఇక్కడ కాంతి ఆ పని చేయడం లేదు, లోపల ముందునుంచే ఉన్న ధ్వనిని పసిగడుతోంది. 'కాంతితో ఆలకిస్తారు' అన్నా ఒప్పుకుంటాను, కొంచెం కవిత్వమైనా. కానీ కాంతి నిజంగా చెయ్యి చేసుకునే పద్ధతులూ ఉన్నాయి. ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో చూపిన కాంతి పట్టకారు సూక్ష్మ రేణువుల్ని పట్టి లాగుతుంది. దానికి ఆయన 2018లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఎదురెదురుగా రెండు లేజరు పుంజాలు పంపి కణాన్ని సాగదీసే పద్ధతి కూడా ఉంది. వాటి గురించి రాసేటప్పుడు 'పట్టడం', 'లాగడం', 'సాగదీయడం' అలంకారాలు కావు, అక్షరాలా నిజాలు. ఏ పద్ధతికి ఏ క్రియ అన్నది చూసుకుంటే చాలు.

పేరు సంగతి. లియాన్ బ్రిల్వాన్ ఫ్రెంచివాడు, ఈ పరిక్షేపణాన్ని 1922లో సిద్ధాంతంగా ఊహించాడు. ఇంగ్లీషు అక్షరాలు చూసి 'బ్రిల్లౌయిన్' అని రాసేవాళ్లున్నారు, అది ఏ భాషలోనూ లేని పేరు. ఫ్రెంచి నోట నడిమి లకారం యకారంలా పలుకుతుంది, చివరిది ముక్కుతో పలికే అచ్చు. మూలపడ్డ మన అరసున్నను దులిపి 'బ్రియ్‌వాఁ' అని రాయవచ్చు, నాకైతే సరదాగానే ఉంటుంది. పాఠకులు వెతికితే దొరకాలి కాబట్టి మీరు రాసిన 'బ్రిల్వాన్'నే ఉంచండి. ఒకే వ్యాసంలో రెండు రూపాలు మాత్రం రానీయకండి.